పట్టాల మీద పాఠం

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. సన్నని తుంపర, గాలి లేదు. సకల జనుల సమ్మె సాగుతున్న ఆ అక్టోబరులో, మహబూబాబాద్ వైపు నుంచి సికింద్రాబాద్ పోయే రైలు జనగామలో ఆగింది. ఆగక తప్పలేదు. ఎదుట పట్టాల మీద రఘునాథపల్లి, బచ్చన్నపేట జనం బైఠాయించి ఉన్నారు. వారి నడుమ, ప్లాస్టిక్ కుర్చీలో, నఫీసా బేగం.

అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆమెకు ప్రతి కార్యానికీ కారణం తెలుసు. తనకు తెలియని కారణం ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం.

రాష్ట్రంతో పాటు ఆమెకు ఒక రైలు కూడా కావాలి: పొద్దున సికింద్రాబాద్ తీసుకుపోయి, సాయంత్రం తిరిగి తెచ్చే జనగామ లోకల్. మనవరాలు అఫ్రీన్ ఇంటర్ చదువుతోంది. ఆపైన సికింద్రాబాద్ కాలేజీలో చేరాలని ఆ పిల్ల పట్టుదల. హాస్టల్‌కు తండ్రి ఒప్పుకోడు. ఇంటి నుంచి పోయి రావడానికి వేళకు బండి లేదు.

రైలు ఆపినవాళ్లే రైల్లోవాళ్లకు అన్నం పెట్టాలి. అది ఉద్యమ మర్యాద. పట్టాల పక్కన పొయ్యి వెలిగింది. దిగివచ్చిన ప్రయాణికుల్లో, సంచిని గుండెకు హత్తుకున్న ఒక నడివయసు మనిషిని ఆమె పిలిచి కూర్చోబెట్టింది. పేరు హరిలాల్. ఊరు గంగారం దగ్గరి తండా. అంతవరకే అడిగింది.

"పదకొండుకు సికింద్రాబాద్‌ల ఉండాలె మేడం. సమ్మెల బస్సులు సుత బంద్. నేను పోయి మాట్లాడకుంటే పని చెడ్తది," అన్నాడతను.

"కోర్టు వాయిదనా అన్నా?" పక్కనున్న ఆటో డ్రైవర్ పోశాలు అందుకున్నాడు. "మా చిన్నాయిన భూమి కేసుల జడ్జి మారిండు, వకీలు సచ్చిండు. వాయిద మాత్రం సల్లగ బతికున్నది."

అందరూ నవ్వారు. హరిలాల్ కూడా నవ్వి, అది కాదని చెప్పబోయాడు. అప్పటికే నఫీసా బేగం పాఠం మొదలైంది.

చిన్న పట్టణాలకు లోకల్ రైళ్లు ఎందుకు రావో, నిధులు ఏ దారిన వచ్చి ఏ మలుపులో తప్పిపోతాయో, నిజాం కాలం నుంచి ఎత్తుకుంది. భూపాలపల్లి బొగ్గు ఊరూరా దీపం పెడుతుందని, భూపాలపల్లి మనిషి రైలెక్కాలంటే మాత్రం ముందు బస్సెక్కాలని చెప్పింది.

హరిలాల్ చెయ్యెత్తాడు.

"ప్రశ్నలు చివర్ల, బేటా."

క్లాసులో ఆమె నియమం అది. అక్కడైతే గంట కొట్టేవారు. ఇక్కడ కొట్టేవారు లేరు.

అతను ఇంకోసారి చెయ్యెత్తాడు. ఆమె ఆ చేతిలో ఖిచిడీ పళ్లెం పెట్టి, పైన పుల్లటి ఖట్టా పోసింది.

"అసలు కారణం విను. పైన మీటింగుల మన దిక్కు మాట్లాడే మనిషి లేడు. గదొక్కటే."

హరిలాల్ తల వంచుకొని తిన్నాడు. ఇంత బుద్ధిగా విన్న విద్యార్థి సర్వీసు మొత్తంలో దొరకలేదని ఆమె మురిసిపోయి, మారు వడ్డించింది.

మధ్యాహ్నం దాటాక రైలు కదిలింది. మెట్ల మీద నిలబడి అతను నమస్కరించాడు.

"మీరు చెప్పింది నిజమే మేడం."

ఆ మాటను ఆమె వారం రోజులు వీధి వీధికీ చెప్పుకుంది.

మూడేళ్లు నిండకముందే రాష్ట్రం వచ్చింది. లోకల్ రాలేదు, దానికి రావలసిన డబ్బు మరో ఊరికి పోయింది. అఫ్రీన్ జనగామలోనే డిగ్రీ చదివింది. దీనికి మూలకారణాన్ని నఫీసా బేగం ఢిల్లీలో వెదికింది, హైదరాబాద్‌లో వెదికింది. ఏళ్లు గడిచాక, మహబూబాబాద్‌లో ఒక పెళ్లిలో హరిలాల్ ఎదురుపడితే, జీవితంలో మొదటిసారి పాఠం కంటే ముందు ప్రశ్న అడిగింది: ఆనాడు సికింద్రాబాద్‌లో పనేమిటని.

ఆ పదకొండు గంటల సమావేశంలో జనగామ లోకల్ కోసం మాట్లాడవలసిన ఒకే ఒక్క రైల్వే అధికారి, సరిగ్గా ఆ వేళకు, జనగామ పట్టాల మీద ఆమె వడ్డించిన ఖిచిడీ తింటున్నాడు.