కప్పుకో సంతకం

“మీ ఆయన లేనిదే కుదరదక్కా,” అంది కౌంటరు వెనక దివీనా.

“ఉన్నాడమ్మా. ఉండీ లేనట్టు ఉంటాడంతే,” అని పెర్లిటా వెనక్కి తిరిగి కేకేసింది. “రోములో! తినడం ఆపి ఇటు రా!”

అది సిడ్నీలోని ఫిలిప్పీన్స్ కాన్సులేట్. పేరులోనే లేటు ఉంది కాబట్టి అక్కడ ఎవరూ తొందరపడరు. రోములో అసలే పడడు. చేతిలోని బన్ను ముక్క నోట్లో వేసుకుని, వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని, పెళ్లికొడుకులా నడిచి వచ్చాడు. ఇద్దరినీ పొద్దున్నే కారులో తీసుకొచ్చిన ట్రెవర్, పెర్లిటా స్వెట్టరు చేతి మీద వేసుకుని వెనకే వచ్చాడు.

“డ్రైవరుగారూ, మీరు ఆ కుర్చీల్లో కూర్చోండి. ఇక్కడ కుటుంబసభ్యులే ఉండాలి,” అంది దివీనా.

ఆరడుగుల ట్రెవర్ ఎండకి కందిన మెడ గోక్కుని, “అలాగే” అని వెళ్లి కూర్చున్నాడు.

ఫిలిప్పీన్స్‌లో, ఇలోయిలో ఊళ్లో పెర్లిటా పేరున ఒక ఇల్లుంది. అందులో ఆమె చెల్లెలు నెనీతా పిల్లలతో ఉంటోంది. పోయిన నెల తుఫానుకి ఇంటి కప్పు ఎగిరిపోయింది. కొత్త కప్పుకి బ్యాంకు అప్పివ్వాలంటే ఇల్లు నెనీతా పేరున ఉండాలి. ఇల్లు చెల్లెలికి రాసివ్వాలంటే పెర్లిటా సంతకం పక్కన మొగుడి సంతకమూ పడాలి. వానలు మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగకుండా మొదలైపోయాయి.

“ఇక్కడ పెట్టండన్నా.”

రోములో పెన్ను మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

“పెట్టను.”

“అదేంటి? దారి పొడుగునా పెడతానన్నావుగా!”

“దారిలో ఆకలి మీదున్నాను. ఇప్పుడు కడుపు నిండింది, పాత సంగతులు గుర్తొస్తున్నాయి. మన పెళ్లిలో మీ చెల్లెలు అందరి ముందూ నన్ను కప్ప అంది. కప్ప అన్నదానికి నేను కప్పు వెయ్యాలా?”

“అది ఎప్పటి మాట! ఇంకా మోస్తున్నావా?”

“కప్పల జ్ఞాపకశక్తి నీకు తెలీదు.”

“నీ గొప్పలు తెలుసు గానీ కప్పల సంగతి నాకేం తెలుసు! పెట్టవయ్యా బాబూ!”

“సంతకమంటే సొంతకం. నా సొంతం, నా ఇష్టం.”

వరసలో వెనకున్న ముసలావిడ ఉండబట్టలేకపోయింది. “ఇలాంటి మొగుణ్ణి ఎలా భరిస్తున్నావు తల్లీ? విడాకులిచ్చెయ్యలేకపోయావా?”

దివీనా నవ్వింది. “ఇచ్చి ఏం లాభం అమ్మమ్మా? మన దేశంలో విడాకుల చట్టమే లేదుగా. ఇక్కడి కోర్టు విడదీసినా మా కాగితాల్లో మొగుడు మొగుడే.”

“ముడి అంటే అదీ!” అన్నాడు రోములో, పెన్ను మూత బిగిస్తూ.

“రోమ్ అన్నా, కానివ్వు. పార్కింగు టైము అయిపోతోంది,” అన్నాడు ట్రెవర్ కుర్చీలోంచి.

“నువ్వాగు తమ్ముడూ. ఇది మా ఇంటి గొడవ.”

ట్రెవర్ తల ఊపి, కారు కింద గుమ్మం దగ్గరికి తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

పెర్లిటా ఇక వాదించలేదు. చెల్లెలికి ఫోను కలిపి రోములో చేతికిచ్చింది.

“అక్కా, అయిందా?” అంది అవతలి గొంతు. ఆ గొంతు వెనక టపటపమని ఒకటే చప్పుడు.

“అక్క కాదు, బావని,” అన్నాడు రోములో బిగుసుకుని. “ఏంటా చప్పుడు?”

“వాన బావా. టార్పాలిన్ మీద పడుతోంది. ఆగు, బకెట్టు జరపనీ... ఆఁ, చెప్పు.”

“మా పెళ్లిలో నన్ను కప్ప అన్నావు. గుర్తుందా?”

అవతల బకెట్టు మళ్లీ జరిగిన చప్పుడైంది.

“అన్నాను బావా. అప్పుడు నువ్వొక్కడివే కప్పవి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కప్పలమే. ఇంట్లోనే ఈత కొడుతున్నాం,” అని నెనీతా నవ్వింది. నవ్వు సగంలో దగ్గుగా మారింది.

రోములో నవ్వలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత పెన్ను మూత పళ్లతో లాగేసి సంతకం గీకాడు.

“పిల్లల్ని మంచం మీదే ఉంచమ్మాయ్,” అన్నాడు ఫోన్లో. “రేకులు కొనేటప్పుడు మందంగా ఉన్నవి చూసుకో. పల్చటివి తెచ్చావంటే ఈసారి కప్పవి నువ్వే.”

“ఎవరి బలవంతమూ లేకుండానే పెట్టారుగా?” అడిగింది దివీనా, నియమం ప్రకారం.

“ఈ ప్రశ్న మా పెళ్లిలో అడగాల్సింది.”

ముద్ర ఠప్పుమని పడింది. పెర్లిటా ఆ కాగితాన్ని గుండెకి అదుముకుని, కళ్లు తుడుచుకుంది.

“థాంక్స్ రోములో.”

“కప్పలు థాంక్సులు తినవు. అన్నం పెట్టించు.”

“ఎంత ముచ్చటైన జంటో!” అంది దివీనా. “వందేళ్లు ఇలాగే పోట్లాడుకోండి.”

ఇద్దరూ లిఫ్టు వైపు నడిచారు.

కింద గుమ్మం ముందు కారు సిద్ధంగా ఉంది.

ట్రెవర్ దిగి, తన భార్యకి ముందు తలుపూ, ఆమె భర్తకి వెనక తలుపూ తీశాడు.