వెనక్కి చూడకు

వెనక అడుగుల చప్పుడు ఆగడం లేదు.

తుష్నాబాద్ ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవే. మిడిల్ పాయింట్ దాకా సాగే ఆడపిల్లల పరుగు పందెంలో అందరికంటే ముందుంది కామమ్మ. ముందున్నందుకు సంబరపడాల్సింది పోయి, గుండె దడదడలాడుతోంది. ఆ వస్తున్నది అసిరమ్మే, అనుమానం లేదు. బయలుదేరే ముందు చెవిలో అననే అంది, "వాగు కాడ నీ సంగతి సూత్తానొలే!" అని.

గెలిచిన ఒక్కరినే ఈ దీవి నుంచి ఓడెక్కించి మెయిన్‌లాండ్ పోటీలకు పంపుతారు. ఆ ఒక్క చోటు కోసం అసిరమ్మ ఏమైనా చేస్తుంది.

తిరిగి చూద్దామంటే తల్లి గురమ్మ మాట అడ్డొస్తోంది. "సంద్రానికెల్లినా పందేనికెల్లినా ఒకటేనే. అడుగేసినాక ఎనక్కి సూడకు." చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల, ఆ మాట ఎలా జవదాటుతుంది? చూడలేదు. చూడనందుకు భయం ఇంకా పెరిగింది.

వాగు రానే వచ్చింది. గోడ లేని కల్వర్టు. కింద బురదనీళ్ళలో మొసలి తిరుగుతుందని ఊరంతా చెప్పుకుంటారు. ఇక్కడ ఒక్క తోపు చాలు. కామమ్మ ఊపిరి బిగబట్టి కల్వర్టు దాటింది. మలుపులో మొగలి పొదలను రాసుకుంటూ తిరిగింది.

వీపు మీద ఎవరో పట్టి లాగారు!

"ఓలమ్మో!" కెవ్వుమని విదిలించుకుంది. చొక్కా చిరిగిన చప్పుడు. ఇక అది పందెం కాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోవడమే. కాసేపు వెనక ఏమీ వినపడలేదు. తర్వాత మళ్ళీ అవే అడుగులు, ఈసారి మరీ జోరుగా. తను వేగం పెంచితే అవీ పెంచుతున్నాయి. మాటా పలుకూ లేదు. తిట్టినా కాస్త ధైర్యంగా ఉండేది.

"గంగమ్మ తల్లీ, గట్టెక్కించు!" అనుకుంటూ మిడిల్ పాయింట్ చేరి గీత దాటి కూలబడింది.

"శాబాష్ బేటీ, ఫస్ట్!" అన్నాడు పందెం చూస్తున్న గణేశ్వరరావు మాస్టారు. "నీ వీపు మీది నంబరేదీ?"

కామమ్మ వీపు తడుముకుంది. పిన్నీసు ఒక్కటే ఉంది.

"అసిరమ్మ లాగేసింది మాస్టారూ! వాగు కాడ నన్ను తోసెయ్యబోయింది!"

"ఎవరు చూశారమ్మా? నంబరు లేకపోతే రూల్ ఒప్పుకోదు. ఫస్టు నీ వెనక వచ్చినవాళ్ళదే."

కామమ్మ కళ్ళు తిరిగాయి. అంత పరుగూ వృథా.

అప్పుడే అసిరమ్మ వచ్చింది. రొప్పుతూ గుప్పిట విప్పింది. అందులో కామమ్మ నంబరు గుడ్డ. వేళ్ళనిండా ముళ్ళ గీరలు, నెత్తురు.

"వాగు కాడ నిన్ను దాటేద్దామనుకున్నాను. ఇంతలో ఇది మొగలి ముళ్ళలో చిక్కడిపోనాది. తీసి ఇద్దామని ఎంటబడితే నువ్వు ఆగవేటే!"

మాస్టారు గుడ్డ అందుకుని కామమ్మ పేరు పక్కన ఫస్టు అని రాశాడు. కామమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నెత్తుటి చేతిని కళ్ళకద్దుకుని భోరుమంది.

"నీ మేలు సచ్చినా మరవనే! బయంతో పానం పోనాది. ఒక్క కేక ఎయ్యొచ్చు కదే!"

అసిరమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"అమ్మో! ఓడెక్కాల్సిన మనిసివి, నిన్ను ఎనకనించి పిలుత్తానేటే?"