తప్పు పడిన అట్ట

రాత్రి హిందూపురం ల్యాబులో ఫ్రిజ్ గురక తప్ప చప్పుడు లేదు. పెద్దపేగు క్యాన్సర్ జన్యువుల మీద పనిచేసే షహీన్ ఒంటరిగా ఫలితాలు చూస్తోంది. ధర్మవరం నేతగాడు చౌడప్పకు, అతని నాయనకు, ఆసుపత్రిలో మైనంలో దాచిన తాత పేగుముక్కకు జన్యువులో ఒకేచోట ఒకే అక్షరం తప్పు.

రక్తమిచ్చిన రోజే చౌడప్ప అన్నాడు: “చీరకు పువ్వులెత్తే జకార్డు అట్టలో ఒక్క బొక్క తప్పు పడితే, నేసిన ప్రతి చీరలోనూ ఆడే తప్పొస్తాది మేడం. ఆ అట్టలు ఇంకా యా మగ్గాలకు పోయినాయో.”

ఫలితాల్లో ఆ మూడింటి కింద నాలుగో వరుస. పోల్చుకోవడానికి పెట్టిన, ఏ జబ్బూ లేని మనిషి రక్తం. అందులోనూ అదే చోట అదే తప్పు.

ఎన్ని వందల ఏళ్ల కిందట, ఎవరింట్లో కొట్టిన అట్టో.

ఆ రోజు పోలికకు ఇంకెవరూ దొరక్క, షహీన్ తన చేతికే సూది గుచ్చి రక్తం తీసుకుంది.

మణికట్టులో నాడి మగ్గంలా ఆడుతోంది.