ప్లస్ రెండు

పాట నాలుగుసార్లూ ఒకే చోట ఎందుకు విరుగుతోందని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. సాయంత్రం ఆరింటికి మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ వేదిక మీద నా కూతురు శ్రావణి పాడాలి. డిజిటల్ పియానో మీద నేను శ్రుతి అందించాలి.

"పై స్వరానికి భయపడుతున్నావు. మళ్లీ పాడు."

ఈసారి గొంతు పూర్తిగా చీలింది. శ్రావణి తల దించుకుంది.

వంట చేసే రుక్కమ్మ గరిటెతో సహా వచ్చి నిలబడింది. "ఏంది సారూ, పోరి గొంతు పలగ్గొడ్తరా? జర కిందికి దించరాదు?"

"ఈ శ్రుతి మార్చకూడదు రుక్కమ్మా."

"గట్లని ఎవలు జెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. పియానో తెర మీద, శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ అంకె ప్లస్ రెండు. మూడేళ్ల కిందట, కొన్న రోజున, నా గొంతుకు తగినట్టు నేనే పెట్టుకున్నాను. తర్వాత ఆ బటన్ ముట్టలేదు.

"నీ శ్రుతి ఎంతమ్మా?" అని అడిగాను.

"నాకేం తెలుసు నాన్నా? ఎప్పుడూ నీ దాంట్లోనే కదా పాడేది."

"అయితే ముందు నువ్వు మొదలుపెట్టు. నేను వెనకే వస్తాను."

ఆమె కళ్లు మూసుకుని తనకు తోచిన చోట ఎత్తుకుంది. నేను ఒక్కో అంకె దించుతూ, ఆ గొంతుతో శ్రుతి కలిసిన మైనస్ ఐదు దగ్గర వేలు తీశాను.