రెండో సంతకం

వెబ్‌సైట్ల ముందు నిలబడి, వచ్చే జనాన్ని సర్వర్లకు పంచే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో పాస్‌వర్డులు కారిపోయే రంధ్రం బయటపడింది. రాసినాయన ఆ పూటే పూడ్చాడు. కానీ ఇద్దరి సంతకాలూ పడితేనే మార్పు జనానికి అందాలన్నది వాళ్ల నియమం. రెండో సంతకం బావమరిదిది. అతను ఈమధ్యే, అదే సాఫ్ట్‌వేర్‌కు హంగులద్ది అమ్మే కంపెనీలో చేరాడు.

“త్వరగా చూడరా, జనం కొంపలు మునుగుతాయి.”

“తొందరపడితే ఎలా బావా? లైను లైనూ చూడొద్దూ?”

వారం తర్వాత సంతకం పడింది. అంతకు ముందురోజే కంపెనీ ప్రకటన వచ్చింది: “ఉచితాన్ని నమ్మకండి. ఆ రంధ్రం మేం ఎప్పుడో పూడ్చాం.”

వాళ్ల దిద్దుబాటు తెరిచి చూసి బావ ఫోన్ చేశాడు. “అక్షరం పొల్లుపోకుండా నా కోడే కదరా ఇది!”

“అందుకేగా బావా, అంత ధైర్యంగా అమ్ముతున్నాం.”