బతికే ఉన్నాడు, ఏలుతున్నాడు

"పాత లంగరేదీ?" అంది ఫోతిని, పడవ ముందుభాగంలోని పెట్టె మూత ఎత్తి పట్టుకుని.

"తుప్పు పట్టిపోతే అమ్మేశాను," అన్నాడు స్తమాతిస్ చుక్కాని దగ్గర్నుంచి. "ఇప్పుడు దాంతో నీకేం పని?"

"అది అలెగ్జాండ్రోస్ వాళ్ల నాన్నది. అడక్కుండా ఎలా అమ్మావు?"

"ఎవర్ని అడగమంటావు? సముద్రాన్నా?"

ఫోతిని మూత వేసేసింది. పడవ ఆమె మొగుడిది. కిందటేడు స్తమాతిస్‌తో కలిసి ఇదే పడవ మీద వెళ్లిన అలెగ్జాండ్రోస్ తిరిగి రాలేదు. కాలు జారి పడ్డాడని స్తమాతిస్ చెప్పాడు. శవం దొరకలేదు. ఈ ఆదివారం స్తమాతిస్‌తో ఆమె పెళ్లి. కళ్లతో చూడని చావుని మనసు ఒప్పుకోవడం లేదు, అతను పడ్డచోట ఇంత వైన్ పోసి ఆఖరి మాట చెప్పుకుంటే తప్ప చర్చి మెట్టెక్కనని మొండికేసి, పొద్దున్నే స్తమాతిస్‌ని బయల్దేరదీసింది.

నడినెత్తి మీదికి ఎండ వచ్చేసరికి గాలి పడిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే అనుకో. నీళ్లకి గుర్తులేముంటాయి. తొందరగా పోసెయ్, మా అక్క ఆక్టోపస్ వండుతోంది. ఆలస్యమైతే నన్ను వండుతుంది."

ఆమె సీసా వంచింది. వైన్ ఎర్రగా విచ్చుకుని నీళ్లలో కలిసిపోయింది. ఏం చెప్పాలో తోచక పెదాలు కదుపుతూ ఉంటే, పడవ వెనకనుంచి ఎవరో అడిగారు.

"అలెగ్జాండ్రోస్ బతికే ఉన్నాడా?"

ఇద్దరూ గిరుక్కున తిరిగారు. నీళ్లలో ఒక ఆడమనిషి తల, భుజాలు. ఒడ్డు చూస్తే ఎక్కడో గీతలా ఉంది. చుట్టుపక్కల ఇంకో పడవన్నది లేదు. ఆమె చేతులు ఆడించడం లేదు, రొప్పడం లేదు. వాకిట్లో నిలబడి పక్కింటివాళ్లని పలకరిస్తున్నంత నిమ్మళంగా ఉంది.

ఆ ప్రశ్న దీవిలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఆమె మొగుడికి ఎవరి పేరు పెట్టారో ఆ వెనకటి రాజు అలెగ్జాండ్రోస్ చెల్లెలు సముద్రంలో తిరుగుతూ, ఎదురైన పడవనల్లా ఆపి అన్న గురించి అడుగుతుందట. 'బతికే ఉన్నాడు, ఏలుతున్నాడు' అంటే దారి ఇస్తుంది. పోయాడంటే పడవని ముంచేస్తుంది.

"ఎవరమ్మా నువ్వు? ఎక్కణ్ణుంచి ఈదుకొచ్చావు?" అన్నాడు స్తమాతిస్.

ఆమె మళ్లీ అదే గొంతుతో అడిగింది. "అలెగ్జాండ్రోస్ బతికే ఉన్నాడా?"

"చెప్పు స్తమాతిస్," అంది ఫోతిని అతని చొక్కా పట్టుకుని. "మీ నాయనమ్మ నేర్పలేదూ?"

"పిచ్చిదానా, ఎవరో టూరిస్టు. మనల్ని ఆటపట్టిస్తోంది."

"అయితే నువ్వూ ఆటకే చెప్పు. నీ సొమ్మేం పోతుంది?"

అతను నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒట్టేసి అమ్మే మనిషి, ఆ ఒక్క మాట దగ్గర చెమటలు కక్కుతున్నాడు. ఎందుకో ఫోతినికి అర్థం కాలేదు.

"చచ్చాడు," అని అరిచాడు చివరికి. "వాడు చచ్చాడు. పో ఇక్కణ్ణుంచి."

గాలి లేదు, అల లేదు. అయినా పడవ కింద నీళ్లు ఉబికాయి. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. సీసా, రొట్టె, చెప్పులు దొర్లుకుంటూ వెళ్లి సముద్రంలో పడ్డాయి. నీళ్లు మోకాళ్ల దాకా లోపలికొచ్చాయి. స్తమాతిస్ తెరచాప కొయ్యని వాటేసుకున్నాడు. ఫోతిని చేతికందిన మోకు పట్టుకుని వేలాడుతూ ఆ ఆడమనిషి కళ్లలోకి చూసింది.

"బతికే ఉన్నాడు," అంది. "బతికే ఉన్నాడు, ఏలుతున్నాడు."

భయంతో అప్పజెప్పబోయిన పాఠం, బయటికొచ్చేసరికి కడుపులోంచి వచ్చింది. ఏడాదిగా ఆ మాట అననిచ్చిన వాళ్లు లేరు. అనేశాక ఆమెకి ఏడుపు ఆగలేదు.

పడవ మెల్లగా నిలదొక్కుకుంది. నీళ్లలోని మనిషి మొదటిసారి నవ్వింది. "నీ మాటే నిజమవనీ తల్లీ," అని, నేలమాళిగ మెట్లు దిగినట్టు ఒక్కో అడుగూ కిందికి దిగిపోయింది.

"చూశావా, టూరిస్టే," అన్నాడు స్తమాతిస్. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. మోటారు తిప్పితే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

అప్పుడు వినిపించింది, పడవ వెనక ఈతగాళ్లు ఎక్కే ఇనప నిచ్చెన దగ్గర చప్పుడు. గొలుసు ఇనుముని రాసుకుంటున్న చప్పుడు. ఒక మెట్టు ఎక్కి ఆగింది. ఇంకో మెట్టు ఎక్కింది. ఆ బరువుకి పడవ వెనకభాగం కొంచెం కుంగింది.

ఫోతిని కళ్లు తుడుచుకుని అటు అడుగు వేసింది. "అలెగ్జాండ్రోస్? నువ్వేనా?"

స్తమాతిస్ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"వాడు కాదు, వాడు పైకి రాలేడు ఫోతినీ. కాళ్లకి ఆ పాత లంగరు కట్టింది నేనే."