అటక నెల

ఏడాది పొడవునా ఏ నెలలో ఏం సర్దాలో ఇప్పుడు ఇల్లే నిర్ణయిస్తోంది. జనవరిలో వంటగది, ఫిబ్రవరిలో బీరువా, జూన్‌లో అటక. ఏడాదిగా చెయ్యి తగలని వస్తువును బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఎవరిని అడిగి పెట్టారీ రూలు? ఎవరినీ అడగలేదు.

గోదాము కార్మికుల కాలనీలో అందరికీ కలిపి ఒక ఇత్తడి గుండిగ ఉంది. అది వజ్రమ్మ ఇంటి అటక మీద ఉంటుంది. సమ్మె వస్తే కాలనీ మొత్తానికీ అన్నం అందులోనే ఉడకాలి. చాన్నాళ్లుగా సమ్మె లేదు.

"వజ్రమ్మగారూ, గుండిగ వాడలేదు. ఇవాళ బండి వస్తుంది," అంది ఇల్లు.

"నీళ్లు పట్టుకుంటున్నామని చెప్పెయ్ వదినా," అంది పక్కింటి హుసేన్‌బీ.

"దీన్ని నీళ్ల తొట్టి చేస్తానా నేను? నీ కబుర్లు ఆపి అటు పట్టు."

ఇద్దరూ గుండిగను వీధిలోకి దించి పొయ్యి వెలిగించారు. ఇంటింటి నుంచీ బియ్యం వచ్చింది. అన్నం ఉడికేసరికి షిఫ్టు సైరన్ మోగింది. కంచాలతో కూర్చున్న వాళ్లలో ఒక్కరూ లేవలేదు.

"సందర్భం నమోదు చెయ్యాలి. ఇవాళ సమ్మె లేదు కదా?" అంది ఇల్లు.

"లేదు," అంటూ వజ్రమ్మ అన్నం కలియబెట్టింది. "తిన్నాక మొదలవుతుంది."